రాకుమారుడి పెళ్లి మధ్యలో ఆపేసి వెళ్లిపోయావు సుజాతా

నిన్న పొద్దున స్కూల్లో పాఠం చెబుతుంటే సుజాత వాళ్ల వదిన ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్లీ చేసింది.

"సుజాత మనకి లేదమ్మా" అంది.

ఏ సుజాత అని అడిగాను. పిచ్చి ప్రశ్న. నాకున్నది ఒక్క సుజాతే.

జ్వరమని వైజాగ్ తీసుకెళ్లారని తెలుసు. తగ్గి వచ్చేస్తుందనుకున్నాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నర్సీపట్నంలో డిగ్రీ చదివినప్పుడు మేం రూమ్మేట్స్. తనది కొయ్యూరు దగ్గర కొండ ఊరు. మాది కోటవురట్ల, చెరుకు రైతులం.

కథల యాప్ తనకి చూపించిందే నేను. అప్పటికే అందులో రాస్తున్నాను. నా కథలు నేనూ, మా అక్కా చదివేవాళ్లం.

తను ఒక సీరియల్ మొదలుపెట్టింది.

నీళ్లన్నీ కోటలో దాచుకున్న రాజు. ఊరికొక అమ్మాయిని పోటీకి రమ్మంటాడు. గెలిచిన పిల్లకి రాకుమారుడితో పెళ్లి, ఆ పిల్ల ఊరికి నీళ్లు. మిగతా ఊళ్లకి చుక్క కూడా రాదు.

రెండో పార్టుకే జనం ఎగబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇలాంటి రోజున మంచిమాటలే రాయాలంటారు. నావల్ల కాదు. సుజాతంటే నాకు ప్రాణం. సుజాతంటే నాకు కుళ్లు. రెండూ నిజమే.

ఒకసారి సెలవులకి వాళ్ల ఊరెళ్లాను. జీడిపిక్కల సీజన్. కాల్చిన పిక్కల్ని తను టకటకా కొడుతోంది, ఒక్క పప్పూ విరగడం లేదు. వాళ్లమ్మ చూసి మురిసిపోతోంది.

నేనేం తక్కువా? పక్కనున్న గోనెలోంచి పిక్కలు తీసి కత్తితో చీల్చడం మొదలుపెట్టాను. అవి పచ్చివి.

వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మా, కాల్సకుండా ఎవలైనా కొడతారేటే! జీడి అంటితే తోలు ఊడొచ్చేస్తాది. బేగి నూనె రాయండే!"

నిజంగానే ఊడింది. మానేదాకా సుజాతే నాకు అన్నం కలిపి పెట్టింది.

ఆ తర్వాతి పార్టులో పోటీకొచ్చిన మధులత అనే అమ్మాయి, హీరోయిన్ అయిన కొండపిల్ల చంద్రిని చూసి ఓర్వలేక పచ్చిపిక్కలు కొట్టి చేతులు కాల్చుకుంది. కామెంట్ల నిండా నవ్వులే.

"నన్నే విలన్ని సేసేసావేటే?" అని దెబ్బలాడాను.

"విలన్ కాదే. మధులత లేకపోతే నా కథ కదల్దు. నాకా పిల్లంటేనే ఇష్టం" అంది.

నేను నమ్మలేదు.

మొన్న ఆదివారం జ్వరంతోనే ఫోన్ చేసి ఆఖరి పార్టు చెప్పింది. ఇంకా రాయలేదట.

రాకుమారుడు పోటీలో గెలిచిన చంద్రి మెడలో దండ వేయబోతుంటే, మధులత వెళ్లి కోట తూములన్నీ ఎత్తేస్తుంది. అన్ని ఊళ్లకీ నీళ్లు పోతాయి. ఇక పోటీ లేదు, ఆ పెళ్లితో ఎవరికీ పని లేదు.

"అదెందుకు సేస్తాదే?" అన్నాను.

"సంద్రి ఊరికొక్కదానికే నీళ్లెలితే ఓర్సుకోలేదు కదే. నువ్వైతే ఓర్సుకుంటావేటి?" అని నవ్వింది.

నిన్నటి నుంచి తన పేజీలో అందరూ అడుగుతున్నారు. పెళ్లి ఎవరితో అయింది? తెలిసినవాళ్లు ఎవరైనా రాయండి ప్లీజ్ అని.

తెలిసింది నాకొక్కదానికే.

నా పేజీలో పెట్టుకోవచ్చు. వాళ్లంతా నా దగ్గరికే వస్తారు. నిన్న సాయంత్రం వరకూ అదే ఆలోచించాను.

రాస్తాను సుజాతా. నీ పేజీలోనే, నీ పేరుతోనే. వదిన పాస్‌వర్డ్ ఇస్తానంది.

మెచ్చుకోళ్లన్నీ నీకే వస్తాయి. అవి చదివి నేను కుళ్లి చస్తాను. అప్పుడు ఎవరితో దెబ్బలాడనే?

ఇక పడుకో. ఏ పోటీ లేని చోట నీ మనసు చల్లగా ఉండాలి.