యోబు మేస్త్రి ఇసుక తొట్టి

నాకు పిల్లులంటే పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ కథలో గడువు పెట్టింది నేనే. మా ఇల్లు కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్ వెనక సందులో ఉంది. పైన నేను, కింద వాటాలో యోబు మేస్త్రి, ఆయన భార్య రెబెక్క. తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నారు, ఏనాడూ మాటా మాటా రాలేదు. సేమియా వచ్చాకే వచ్చింది.

సేమియా అంటే వాళ్ల పిల్లి. రెబెక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడ కోచింగ్ కోసం ఉన్న తన్మయి అనే అమ్మాయి దాన్ని గదిలో దాచి పెంచి, పరీక్షలు కాగానే రెబెక్క చేతిలో పెట్టి ఊరికి బస్సెక్కేసింది. నేతిలో వేయించిన సేమియా రంగు, అందుకే ఆ పేరు. అది రెండుసార్లు మెట్లెక్కి వచ్చి నా గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా మీద తన పని కానిచ్చింది. రెండోసారి నేను కిందికి దిగి గట్టిగానే అన్నాను.

“మేస్త్రీ, ఆదివారం దాకా చూస్తాను. ఈలోగా దానికి ఒక చోటు అలవాటు చేశావా సరే సరి, లేదంటే ఎవరికైనా ఇచ్చెయ్యి. రోజూ గుమ్మం కడుక్కుంటూ కూర్చోలేను నేను.”

యోబు మంచం మీద ఉన్నాడు, పిల్లి ఆయన ఒళ్లో ఉంది. నా మాటలు దానికి వినపడకూడదన్నట్టు రెండు చేతులతో దాని చెవులు మూశాడు.

“రెబెక్క పొద్దుగాల్ల నాలుగున్నరకు పోతే మల్ల చీకటికే ఒస్తదమ్మా. నడుమ నాతోని ఉండేటిది ఇదొక్కటే. ఇది పోతే నేనెవలితోని మాట్లాడాలె?”

నాకు జాలేసింది. అయినా గడువు వెనక్కి తీసుకోలేదు. నా మొండితనం నాది.

యోబు పదహారో ఏట నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చాడు. మూసారాంబాగ్ నుంచి హయత్‌నగర్ దాకా ముప్పై ఐదేళ్లు జనం ఇళ్లలో బండలు పరిచాడు. మా స్నానాల గదిలో టైల్స్ ఆయన చేతివే, ఈ రోజుకీ చుక్క నీరు నిలవదు. మోకాళ్లు పోయి రెండేళ్లవుతోంది. దవాఖానలో డాక్టరు ఇక గొంతుక్కూర్చోవద్దన్నాడు. గొంతుక్కూర్చోకుండా బండలు పరిచేదెలా? కానీ యోబు ఆ మాట ఒప్పుకోలేదు. సిమెంటు మోసే ఇనప తట్టను మంచం కింద పెట్టుకున్నాడు. చివరి పనిలో మిగిలిన సన్నటి వాగు ఇసుక అందులో పోసి, తుప్పు పట్టకుండా తాపీని ఆ ఇసుకలో గుచ్చి ఉంచాడు. కాంట్రాక్టరు మహేందర్ ఎప్పుడైనా ఫోన్ చేసి మోకాళ్ల సంగతి అడిగితే ఒకటే జవాబు, “తట్ట తయారుగున్నది. వానలు పోనీ, ఒస్తా.” రెండు వానాకాలాలు పోయాయి. ఆయన ఇక పనికి పోలేడని రెబెక్కకు తెలుసు, నాకూ తెలుసు.

నేను గడువు పెట్టిన మర్నాడు రెబెక్క ఎల్బీనగర్‌లో పెంపుడు జంతువుల దుకాణానికి పోయి, ఇసుక పోసి పిల్లుల పనికి వాడే ప్లాస్టిక్ డబ్బా ఫోటో తీసుకొచ్చింది. యోబు చూసి నవ్వాడు.

“మేస్త్రి ఇంట్ల పిల్లికి ప్లాస్టిక్ డబ్బనా? నలుగురు జూస్తె నవ్వుతరు.”

అంతే, పని మొదలుపెట్టాడు. కింద వాళ్ల స్నానాల గదిలో వాషింగ్ మెషీన్ పక్కన, ప్లాస్టిక్ స్టూలు మీద కాళ్లు చాపి కూర్చుని, ఒంగి ఒంగి నాలుగు రోజులు కట్టాడు. ఇటుకల తొట్టి, లోపల టైల్స్. అన్నీ పాత ఇళ్లలో మిగిలిన ముక్కలే. ఒక డాక్టరుగారి ఇంటి తెలుపు, ఒక పెళ్లి హాలు ఆకుపచ్చ, ఎవరి వంటింటిదో ఆయనకే గుర్తులేని నీలం. నీళ్లు పోయే వైపు వాలు పెట్టాడు. మంచం కింది ఇసుక ముట్టలేదు, కొత్తగా వాగు ఇసుక ఇప్పుడెక్కడ దొరుకుతుంది, అందుకని సందు చివర కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర రోబో సాండ్ అడిగి తెచ్చి నింపాడు. రాళ్లు పిండి కొట్టి చేసే ఇసుక అది.

శుక్రవారం రెబెక్క ఎండ ఉండగానే ఇంటికొచ్చింది, సాయంత్రం గృహప్రవేశానికి పిలిచినట్టు నన్ను పిలిచారు. నిజం చెప్పాలి, ఎంత అందంగా ఉందో. పై కిటికీలోంచి ఎండ పడి ఆ నీలం ముక్క నీళ్లలా కదులుతోంది. సేమియా తొట్టిలో ఒక కాలు పెట్టింది. వెంటనే ఎత్తి విదిలించింది, మా ముగ్గురి మొహాలూ చూసి, తోక ఎత్తుకుని వెళ్లిపోయింది. శనివారం పొద్దున మళ్లీ నా పట్టా.

చీకటి పడి ఇంటికొచ్చిన రెబెక్క తలపట్టుకుంది. “ఎన్ని వేల బాత్రూములు కట్టినవయ్యా, ఎన్నడన్న వాడేటోల్లను అడిగినవా? గా ఇసుక దాని కాళ్లకు గుచ్చుకుంటున్నది. ఆడ ఫినాయిలు వాసన, మిషను మోత. రేపు ఊకె పండుకోని జూడు, ఎక్కడ కావాల్నో అదే జెప్తది.”

 ఆ మాట యోబుకు ఎక్కడో తగిలింది.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక, ఆఖరి మాట చెప్పేద్దామని నేను కిందికి దిగాను. లోపల అడుగు పెట్టేసరికి రెబెక్క నోటి మీద వేలు పెట్టి కుర్చీ చూపించింది. యోబు నేల మీద పడుకుని ఉన్నాడు. కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది. కర్టెన్ లోంచి పసుపు వెలుగు గది నిండా పరుచుకుంది, ఎక్కడో మెట్రో పోతున్న చప్పుడు దూరంగా వచ్చి మెల్లగా కరిగిపోయింది. నేను దేనికి వచ్చానో నాకే గుర్తులేకుండా పోయింది.

యోబు కళ్లు మూసుకునే మాట్లాడాడు. “నిద్రల నేను ఏసిన బండల మీదనే నడుస్తుంటనమ్మా. ఒక ఇంట్ల అడుగువెడితె ఇంకో ఇల్లు ఒస్తది. మూసారాంబాగుల మొదలువెడితె తెల్లారేసరికి హయత్‌నగర్ల ఉంట. నడుమ ఎక్కడ గడప లేదు. ఎవ్వరు పొమ్మనరు. మోకాలు నొయ్యది.”

నేనూ కళ్లు మూసుకున్నాను. చల్లటి నేల మీద వట్టి కాళ్లతో, ఎవరెవరి ఇళ్లలోంచో నడుస్తున్నట్టే అనిపించింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. మంచం కింద ఇసుక గీరుతున్న చప్పుడు వినిపించింది.

సేమియా తట్టలో కూర్చుని ఉంది. తాపీ పక్కకు ఒరిగిపోయింది. అక్కడి నుంచి దానికి వీధి తలుపూ వంటింటి తలుపూ రెండూ కనిపిస్తాయి. మోత లేదు, వాసన లేదు, ఇసుక మెత్తన. యోబు నేలకు చెంప ఆనించి, దాని ఎత్తు నుంచే చూస్తున్నాడు. రెబెక్క లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనీ. పని మీదున్నది.”

పిల్లి ఇసుక కప్పేసి వెళ్లిపోయాక, ఆయన తాపీ బయటికి తీసి తువ్వాలుతో తుడిచాడు. చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

నాకు మనసు ఆగలేదు. “దానికి వేరే తట్ట నేను కొంటాలే మేస్త్రీ.”

“వద్దమ్మా. దానికి గిదే నచ్చింది,” అన్నాడు. తట్టను మంచం కింది నుంచి లాగి, తానే గోడ పక్కన, రెండు తలుపులూ కనిపించేలా కిటికీ కింద పెట్టాడు. నేను గడువు మాట ఎత్తకుండా పైకి వచ్చేశాను.

ఆ తరువాత నా గుమ్మం తడవలేదు. టైల్స్ తొట్టిలో ఇసుక తీసేశారు. హాస్టల్ నుంచి వచ్చి రెబెక్క అందులో కాళ్లు కడుక్కుంటుంది.

పది రోజులకు, కింద అరుగు మీద నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే యోబు ఫోన్ మోగింది. మహేందర్ గొంతు అరుగు దాకా వినిపించింది.

“అన్నా, వనస్థలిపురంల పెద్ద ఇల్లున్నది. తట్ట తయారుగున్నదా?”

తెరిచిన తలుపులోంచి చూస్తే, యోబు చూపు కిటికీ కింద తట్ట మీద ఉంది.

“లేదు మహేందరు. తట్ట ఇంట్ల పనికి ఇచ్చేసిన. ఇగ నేను రాను, వేరేటోల్లను జూస్కో.”

ఇగ రాను అనే మాట ఆయన నోట రావడం రెండేళ్లలో అదే మొదటిసారి. పిల్లులంటే పడని నాకు చిక్కుడుకాయలు మసకబారాయి. యోబు ఫోన్ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని, జల్లెడ తీసుకుని తట్టలో ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు. సేమియా ఎదురుగా కూర్చుని, పని ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తోంది.