విల్లుకు కూడా ఉల్టా సీదా

ములుగులో చదువుకునే మా అమ్మాయికి ఆ ఆదివారం విలువిద్యలో ఎంపిక పోటీ ఉంది. ఎవరి విల్లు వారే తెచ్చుకోవాలన్నది నిబంధన. ఏడాదిగా ఆమె సాధన చేసింది శిక్షకుడి వెదురు విల్లుతో. దానికి నారి ఆయనే ఎక్కించి ఇచ్చేవారు. పొరలు అతికించి చేసిన ఆమె సొంత విల్లు గురువారం సిద్దిపేట బస్టాండు కార్గోలో దిగింది. అది విరిగితే మరొకటి తెప్పించే వ్యవధి లేదు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చిన అమ్మాయి ముందు పెట్టె విప్పితే విల్లు నెలవంకలా వంగి ఉంది. సూచనల కాగితం లేదు. వీడియో చూద్దామని అమ్మాయి అంటే, ఎవరో చెప్పింది వినడం కన్నా వస్తువును కొలిచి చూడడం మేలన్నాను. నా తర్కం సులువైనది: విల్లు నారి వైపుకే వంగుతుంది, ఇది ఇప్పటికే ఒక వైపు వంగి ఉంది, కనుక నారి అటే రావాలి. టేపు పెట్టి కొలిస్తే కొనల మధ్య దూరం కన్నా నారి నాలుగు అంగుళాలు పొడవుగా తేలింది. పంపినవారు పొరపడ్డారని నిర్ధారించి, నారిని కురచ చేయించడానికి విల్లుతో సహా అమ్మాయిని వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లాను. ఆ ఇంటావిడ మగ్గం నేస్తుంది. దారం ముడులలో ఆమెను మించినవారు మా వీధిలో లేరు.

ఆమె కత్తెర అందుకోలేదు. విల్లును చీరను తిరగేసినట్లు తిరగేసి, కొనలను బొటనవేలితో తడిమింది.

"తాడు పొడుగైందని ఎవలన్నరన్నా?"

"టేపు అన్నది."

"గిది ఉల్టా పట్టుకున్నవ్. బట్టకు ఉల్టా సీదా ఉన్నట్టు దీనికుండదా? తాడు కూసునే గాడి బయటి దిక్కున్నది, సూడు."

నేను వెంటనే ఒప్పుకోలేదు. గోటితో గాడిని తడిమాను. నారి ఉచ్చును నా పద్ధతిలో తగిలిస్తే అంచు మీద జారింది. ఆమె చెప్పిన వైపు తగిలిస్తే గాడిలో కుదురుగా కూర్చుంది. ఆ విల్లును దాని వంపుకు ఎదురుగా వంచాలి. అందుకే దానికంత బలం. అటు తిరిగాక వంపు తగ్గి కొనల మధ్య దూరం పెరుగుతుంది, నారి పొడవు దానికి సరిపోతుంది. నేను చేయబోయింది దాన్ని వెనక్కి విరవడం.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. "బాపూ, టేపు అబద్ధం చెప్పలే. ప్రశ్ననే తప్పు అడిగినవ్."

నారి ఎక్కించడానికి శిక్షకుడు వాడే తాడు ఎలా ఉంటుందో అమ్మాయి చెబితే, ఆవిడ గట్టి నూలుతాడు తెచ్చి, విల్లు కొనలు దూరేటట్లు రెండు చివరలకూ మందపాటి గుడ్డతో చిన్న సంచులు కుట్టింది. నారి కింది ఉచ్చును గాడిలో ఉంచి, పై ఉచ్చును కొన దాటించి కొంచెం కిందికి జార్చాం. కొనలను సంచుల్లో దూర్చాక, అమ్మాయి తాడు మధ్యలో రెండు పాదాలూ మోపి, పిడిని ఒక చేత్తో నిదానంగా పైకెత్తింది. నెలవంక నిటారై, మెల్లగా రెండో వైపుకు వంగింది. కొనలకు ఎదురుగా ఎవరి ముఖమూ ఉండకూడదని మమ్మల్ని ముందే పక్కకు జరిపింది. రెండో చేత్తో పై ఉచ్చును గాడిలోకి తోసింది. ఉచ్చులు రెండూ కుదురుకున్నాయని నేను చూసి చెప్పాకే పిడిని దించింది. నారి వెంట చూపు సారిస్తే అది విల్లుకు సరిగ్గా మధ్యన ఉంది. ఎక్కడా మెలిక లేదు. బాణం లేకుండా నారి లాగి వదిలితే విల్లు దెబ్బతింటుందని చెప్పి, అమ్మాయి నన్ను దాన్ని ముట్టనివ్వలేదు.

శని, ఆదివారాల్లో ఆ తాడుతోనే తానొక్కతే నారి ఎక్కించుకుంది. ఆదివారం సాయంత్రం ఎంపికైనవారి జాబితా ఫోనుకు వచ్చింది. మా అమ్మాయి పేరు చిట్టచివరన ఉంది. రెండుసార్లు చదివి, పక్కింటికి వెళ్లి ఆవిడకు చూపించాను.

ఆమె ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది.

"సీదానే పట్టుకున్నవ్ గద అన్నా? ఉల్టా పడితె మొదటి పేరైతది."