అద్దె చుట్టాల కాలనీలో బైలా సవరణ

2012 జూన్‌లో నన్ను విజయనగరం శివార్లలో ఉన్న ఒక ఉద్యోగుల గృహ నిర్మాణ సహకార సంఘానికి పర్సన్ ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నేను సహకార శాఖలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని. పాలకవర్గం గడువు తీరి ఎన్నిక జరగనప్పుడు దాని అధికారాలన్నీ కొంతకాలం ఒక అధికారికి అప్పగిస్తారు. చార్జి తీసుకున్న మొదటి రోజే అర్థమయింది, అందులో పర్సన్‌ని ఎవరూ లెక్కపెట్టరని.

బీరువాలో పైనున్న ఫైలు సూరమ్మ గారిది. పూసపాటిరేగ వైపు సముద్రం ఒడ్డు ఊళ్లో పుట్టిన మనిషి. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు, భర్త పోయాక ఆయన సభ్యత్వం తన పేరు మీదికి మార్చుకున్నారు. చూపు మందగించి, ఒంటరిగా గ్యాసు పొయ్యి వెలిగించుకోవడానికి భయపడి, ముందు గదులు ఒక కుటుంబానికి అద్దెకిచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. ఆ సంగతి కాగితం మీద రాయించి సంఘానికి అందజేశారు.

సంఘం బైలా, అంటే సభ్యులు తమకు తాము రాసుకున్న నిబంధనలు, డెబ్బైల నాటివి. ఇల్లు బయటివారికి అద్దెకిస్తే స్థలం కేటాయింపు రద్దు చేయాలని వాటిలో ఉంది. ఆడిటరు ఆ కాగితం చూసి అభ్యంతరం రాశాడు. మా డివిజనల్ అధికారి నన్ను పిలిచి, డిసెంబరు లోపల బైలా సవరణ చేయించి రిజిస్టరు చేయించమన్నారు. కాకపోతే ఆవిడ ఇంటిస్థలం రద్దు ప్రతిపాదన నా సంతకంతో పంపమన్నారు. జుట్టుకు సవరం కావలసిన వయసులో సవరణ వచ్చి నా నెత్తిన పడింది.

ముసాయిదా నేనే రాశాను. రెండే వాక్యాలు. సభ్యులు ఇల్లు అద్దెకు ఇవ్వవచ్చు. ఇప్పటికే ఇచ్చినవారు అద్దెదారుల వివరాలు ముప్పై రోజుల్లో సంఘానికి రాసి ఇవ్వాలి. రెండో వాక్యం మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. రికార్డు శుభ్రంగా ఉంటుందని.

మద్దతు కూడగట్టడానికి ఇల్లిల్లూ తిరిగాను. కాలనీలో మాట చెల్లే మనిషి అప్పలనాయుడు గారు, రిటైరైన బస్సు కండక్టరు. ఆయన మేడ మీద ఒక జంట కాపురముంటోంది. ఎవరని అడిగితే, మా తోడల్లుడి తమ్ముడండి అన్నారు. పక్కింటి పోర్షన్‌లో ఉన్నది ఆ ఇంటావిడ ఆడపడుచు మరిది. ఎదురింట్లో మేనత్త మనవడు. నాలుగు వీధులు తిరిగేసరికి జిల్లాలోని చుట్టరికాలన్నీ అక్కడే దిగినట్టు అనిపించింది. సవరణ మాట ఎత్తితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు.

“తప్పకుండా వస్తాం బాబూ. సూరమ్మకి అన్నేయం జరగనిత్తామేటి?”

నేను ప్రతి పేరు పక్కనా టిక్కు పెట్టుకున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం సర్వసభ్య సమావేశం పెట్టాను. మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు వచ్చి హాజరు పుస్తకంలో సంతకం చేస్తేనే కోరం. వచ్చినవారిలో మూడింట రెండు వంతులు చెయ్యెత్తితే సవరణ నెగ్గుతుంది. సూరమ్మ గారు అందరికంటే ముందు వచ్చి, వేలితో గీత తడుముకుంటూ సంతకం పెట్టి, మొదటి వరసలో కూర్చున్నారు. గంట గడిచింది.

“ఎంతమందొచ్చారు బాబూ? నాకు కళ్లు ఆనటం నేదు,” అన్నారు.

వస్తున్నారమ్మా అన్నాను. వచ్చింది ఏడుగురు. మిగతావాళ్లు రోడ్డుకి అవతల టీ బడ్డీ దగ్గర నిలబడి మా హాలు వైపే చూస్తున్నారు. కోరం అనేది కోరితే వచ్చేది కాదని ఆ రోజు తెలిసింది. వాయిదా పడిన సమావేశంలో బైలా సవరణ చేపట్టడానికి వీల్లేదు. మళ్లీ పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సవరణ నెగ్గాక రిజిస్ట్రేషన్‌కి మరికొన్ని వారాలు. ఆఫీసులో రద్దు ప్రతిపాదన అప్పటికే టైపయి, నా సంతకం కోసం ఖాళీ వదిలి ఉంది.

పుస్తకం మూసి నేనే టీ బడ్డీకి వెళ్లాను. ఇంత దూరం వచ్చి లోపలికి రాలేదేమని అప్పలనాయుడు గారిని అడిగాను.

“వస్తే సంతకం ఎట్టాలి కదా బాబూ.”

“పెడితే ఏమవుతుంది?”

“మీ కాయితంలో రెండో ముక్క సూడండి. అద్దికున్నోళ్ల పేర్లు రాసిమ్మన్నారు. సూరమ్మొదిన రాసిచ్చింది. ఏటయింది? ఇప్పుడు మాసేత కూడా రాయించడానికొచ్చారా?”

ఇకమీదట అద్దెకివ్వడం తప్పు కాదు కదా అన్నాను.

“ఇకమీదట సరే. నిన్నటి మాటేటి? మా తోడల్లుడి తమ్ముడని సెప్పాను కదా, నాకసలు తోడల్లుడన్నవాడే నేడు.”

బడ్డీ దగ్గరున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

మర్నాడు రెండో వాక్యం కొట్టేసి వేరేది రాశాను: ఈ సవరణ నాటికి ఇళ్లలో ఉంటున్నవారంతా అనుమతి పొందినట్టే, ఎవరూ ఏ వివరాలూ ఇవ్వనక్కరలేదు. అలా అయితే మన నియంత్రణ ఏముంటుందని డివిజనల్ అధికారి అడిగారు. ఇప్పుడున్నంతే ఉంటుందండీ అన్నాను. ఆయన ముసాయిదా మీద సంతకం చేశారు.

నవంబరు సమావేశంలో పదకొండు గంటలకి కోరానికి ఇద్దరు తక్కువ. సూరమ్మ గారు మళ్లీ మొదటి వరసలోనే కూర్చున్నారు. అప్పటికే సంతకం చేసి ఉన్న అప్పలనాయుడు గారు గుమ్మంలోకి వెళ్లి రోడ్డు అవతలికి కేకేశారు.

“ఒరే బావా, ఆ గ్లాసు కిందెట్టి రారా. ఎవులి పేర్లూ అడగరట.”

ఇద్దరు కాదు, తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు తప్ప అందరూ చెయ్యెత్తారు. డిసెంబరు మూడో వారంలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. రద్దు ప్రతిపాదన చించేశాను.

సూరమ్మ గారికి కబురు చెబితే, తాను రాయించిన కాగితం వెనక్కి ఇస్తారా అని అడిగారు. ఫైలులో చేరినది తిరిగి ఇవ్వకూడదని చెప్పాను.

“అయితే నానొక్కదాన్నే తప్పు సేసినట్టు ఉండిపోతాదా?”

ఆడిటరు అభ్యంతరం పరిష్కారమైనట్టు నోట్ ఫైలులో రాసి ఆవిడకి చదివి వినిపించాను. అంతకు మించి చేయడానికి నా దగ్గర నిబంధన లేదు. కాలనీ మొత్తంలో అద్దె సంగతి రికార్డుకెక్కింది ఆవిడ ఒక్కరిదే.

తర్వాత రిటైరయ్యే దాకా ఏ సంఘానికి సవరణ రాసినా, నోటీసు పంపే ముందు ఒక ప్రశ్న వేసుకునేవాణ్ణి. దీనికి చెయ్యెత్తాలంటే సభ్యుడు ముందుగా ఏం ఒప్పుకోవాలి? అలాంటి ముక్క ఏదైనా కనబడితే ముందు దాన్ని కొట్టేసేవాణ్ణి.