బోటాటౌంగ్‌లో మూడుసార్లు పోయిన ముసలాయన

రాల్ఫ్ టెంబీ గారు ఆ ఒక్క షరతు పెట్టకపోయి ఉంటే నేనీ జన్మలో రంగూన్ మొహం చూసేదాన్ని కాదు. ఎనభై దాటిన ఇంగ్లీషు నాటకకర్త ఆయన. మొదటి నాటకాన్ని నాలుగు రోజుల్లో ఎత్తేశారు. పొట్టకూటికి సినిమాలు రాశారు. సినిమాలు ఆడాక జనానికి నాటకాలు గుర్తొచ్చాయి. ఆయన జీవితచరిత్ర తెలుగులో రాస్తున్నాను. ఆయనకి పేరు తెచ్చిన నాటకంలో ఒక ముసలి తండ్రి ఇల్లు వదిలి పోతానంటూనే కుర్చీలోంచి లేవడు, అందులోనే కన్నుమూస్తాడు. ఆపైన మూడు నిమిషాలు నిశ్శబ్దం. ఆ నాటకాన్ని రంగూన్ తెలుగువాళ్లు ఏటా అమ్మవారి పండక్కి ఆడుతున్నారని ఆయన చెవిన పడింది. "వెళ్లి చూసి ఉన్నదున్నట్టు రాయండి. నా నిశ్శబ్దం చెడితే ఆపించేస్తాను" అని ఉత్తరం. నా ఖర్మ, పుస్తకం రాయబోతే పోలీసు ఉద్యోగం!

శుక్రవారం తెల్లవారుజామున విశాఖలో బయల్దేరి, కలకత్తాలో విమానం మారి, దిగేసరికి సాయంత్రం నాలుగున్నర. వాచీ గంట ముందుకు తిప్పుకోండి. టాక్సీ ఎక్కకముందే బేరమాడుకోండి. లమ్మడా అనే పేటలో మూడో అంతస్తులో గది దొరికింది. లిఫ్టుంది, కరెంటే లేదు.

శనివారం ఏడింటికి టీకొట్లో మొహింగా తిన్నాను. చేపల పులుసులో బియ్యపు సేమ్యా అనుకోండి, బ్రహ్మాండంగా ఉంది. పదింటికి, నాటకం ఆడే బోటాటౌంగ్ పేటకి బస్సు. పక్కసీటు పెద్దావిడ నా చీర చూసి పలకరించింది.

"ఏ ఊరమ్మా? ఇశాపట్నమేటి? మా తాతా అటేపోడే, ఓడలో ఒచ్చాడు."

పేరు దో నూకాలమ్మ. పెద్దావిడని ఇక్కడ గౌరవంగా 'దో' అంటారు, మగవాళ్లని 'కో' అంటారు. ఆవిడా నాటకానికే. "కో అప్పారావు సచ్చిపోతుంటే సూడాలి తల్లీ! కడుపు తరుక్కుపోద్ది" అంది సంబరంగా.

కో అప్పారావు రేవు గోడౌన్లో పనిచేస్తాడు. ఇరవయ్యేళ్లుగా ఆ తండ్రి వేషం ఆయనదే. ఆ నాటకం సినిమాగా వస్తే చూసి, ఇక్కడి ట్యూషన్ మాస్టారొకరు తెలుగులో రాసిచ్చారట. నాటకానికి ముందే కలిసి నేనెందుకొచ్చానో చెప్పగానే అప్పారావు మొహం పాలిపోయింది.

"ఆపేత్తారేటండీ? నాసేత ఏషం కట్టిత్తానని మా అమ్మ అమ్మోరికి మొక్కిందండి. మా పిల్లలకి తెలుగంటే ఈ నాటకమొక్కటే. ఇంట్లో ఏటడిగినా బర్మా బాసలోనే జవాబు సెబుతారు."

ఆపరు లెండి అనాలనిపించింది. అయినా మాటిచ్చి వచ్చాను, ఏం చెయ్యను?

ఊళ్లో గొడవలకి భయపడి రాత్రిళ్లు జనం బయట తిరగరు గనక నాటకం మధ్యాహ్నం రెండింటికే. తెర లేచింది. ఇంగ్లీషు వంటింట్లో హార్మోనియం పెట్టె! నాలుగింటికి కో అప్పారావు పద్యమెత్తుకుని, రాగం సాగదీసి సాగదీసి, కుర్చీలో వాలిపోయాడు. నేను వాచీ చూశాను. పది సెకన్లు కాలేదు.

"వన్స్ మోర్!" దో నూకాలమ్మ కేక.

పోయినాయన లేచాడు. అందరికీ దండం పెట్టి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పోయాడు. మళ్లీ వన్స్ మోర్! మూడోసారి ముందు వరసలో పిల్లలంతా పద్యం కలిపి పాడారు, ఒక్క తప్పు లేకుండా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పోయినవాడు లేస్తే ఎలాగయ్యా?" అని తర్వాత నిలదీశాను.

"జనం రమ్మంటే రాపోతే మరియాదేటండీ?" అన్నాడు.

ఆదివారం పదకొండింటికి విమానాశ్రయంలో కూర్చుని, హార్మోనియంతో సహా దాచకుండా మొత్తం రాసి పంపేశాను. కలకత్తాలో దిగి ఫోను తెరిస్తే టెంబీ గారి జవాబు.

"ఆ కుర్చీలో పోయింది మా నాన్న. ఎంతసేపు చూస్తూ కూర్చున్నా లేవలేదు. పిలవడం నాకు తోచలేదు. వాళ్లని ఆడుకోనివ్వండి."

వెంటనే కో అప్పారావుకి ఫోన్ చేసి ఆ జవాబు తెలుగులో చదివి వినిపించాను. అవతల ఆయన ముక్కు చీదుకున్నాడు.

"ఆ బాబునే ఒకపాలి రమ్మనండమ్మా. ఎన్నిసార్లు పిలిత్తే అన్నిసార్లు లేత్తాను."