అక్క బ్యాటింగ్

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, మేడ్చల్‌లో అక్క స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, టీవీ ముందు నా పక్కన కూర్చునేది. ఇద్దరం వీడియోగేమ్‌లో క్రికెట్ ఆడేవాళ్లం. తెర ఒకటే కాబట్టి, బంతి ఎక్కడ పడాలో నేను పెట్టే గుర్తు ఆమెకూ కనిపించేది. అందుకని బ్యాటింగ్ తనదైనప్పుడు చున్నీ కళ్లకు అడ్డం పెట్టుకునేది.

"పెట్టినవా తమ్మీ?"

"పెట్టినక్కా."

బౌలర్ పరుగందుకుని గుర్తు మాయమయ్యాకే నేను ఆ మాట చెప్పేవాణ్ని; అది విన్నాకే చున్నీ దించేది.

తర్వాత అక్కకు జబ్బు చేసింది. అది ముదిరాక బటన్ల మీద ఆమె వేళ్లు వణికేవి. మేము ఆడిన చివరి ఆదివారం, ఆమె తరఫున వచ్చిన ప్రతి బ్యాట్స్‌మనూ వెంటనే ఔటవుతున్నాడు. ఆ ఒక్క ఆటయినా ఆమె గెలవాలని నాకు ఉంది.

"ఇయ్యాల చూసి కొట్టక్కా. ఈడ ఎవరున్నరు?"

"నువ్వున్నవ్ గదరా," అంది చున్నీ తీయకుండానే. "చూసి కొడితే గదేం ఆట? జల్దీ పెట్టు, చెయ్యి గుంజుతాంది."

పెట్టాను. మళ్లీ ఔటైంది.

"మస్తేసినవ్ పో," అని నవ్వింది.

ఇప్పుడు సుచిత్ర ప్రాంతంలో, నా గదిలో ఒక్కణ్నే ఆడుతున్నాను. అవతల బ్యాటింగ్ చేసేది ఆ గేమే. బంతికి గుర్తు పెట్టాక, పెట్టానని ఎవరికీ చెప్పడం లేదు.