శుక్రవారం తోమిన పతకాలు

మొన్న గణపవరం నుంచి ఒక పెద్దమనిషి నా ఫోనుకి ఫొటో పంపాడు. అరటాకు మీద ఒక వెండి పతకం, పక్కన పిండేసిన నిమ్మచెక్క. కింద మెసేజి: "మా తాతగారు యుద్ధంలో తెచ్చుకున్న మెడల్ అండీ. మీకు చూపించాలని శుభ్రంగా తోమించాను. ఏమాత్రం చేస్తుందంటారు?" చుట్టం వస్తున్నాడని వాకిలి కడిగించినంత మర్యాదగా తోమించాడు పాపం. నేను ఏలూరులో ఇన్సూరెన్సు సర్వేయర్ని. గట్టు జారి చెరువులో పడ్డ చేపల లారీకి విలువ కట్టమంటే కడతాను, పతకాలు నా పని కాదు. కానీ మా మావయ్య పోయాక ఆయన్ని అడగాల్సినవన్నీ జనం నన్ను అడుగుతున్నారు, మేష్టారు సెలవు పెడితే ప్యూను పాఠం చెప్పినట్టు. ఆ ఫొటో చూశాక కాసేపు జవాబు టైపు చేయలేకపోయాను. దుఃఖమని కాదు, చేతికి పులిహోర అంటుకుని ఉంది. సరే, కొంత అదీ, కొంత ఇదీ.

మావయ్య అంటే అమ్మకి అన్నయ్య, తాడేపల్లిగూడెం హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు. పాత సైనిక పతకాలు సేకరించడం ఆయన పిచ్చి. తెల్లవాళ్ల కాలంలో మనవాళ్లు బోలెడుమంది ఎక్కడెక్కడి యుద్ధాలకో వెళ్లారు, కొందరు తిరిగొచ్చారు, పతకాలు మాత్రం దాదాపు అన్నీ వచ్చాయి. మనవలు, మునిమనవల నాటికి అవి బీరువా అడుగున పడి, ఏదో ఒక అవసరానికి కంసాలి కొట్టుకి చేరతాయి. మూసలో పడి కరగడానికి ముందే వాటిని పట్టుకోవాలని మావయ్య తాపత్రయం. "మేష్టారూ, రాజుగారి బొమ్మున్నది ఒకటొచ్చిందండీ" అని కంసాలి ఫోన్ చేస్తే చాలు, తాగుతున్న కాఫీ వదిలేసి స్కూటర్ తీసేవాడు. పెళ్లి ముహూర్తానికే ఈయన ఇంత తొందరగా రాలేదని అత్తయ్య వీధి గుమ్మంలో నిలబడి అందరికీ వినిపించేలా అనేది.

తెచ్చిన పతకాన్ని ముందు తూచేవాడు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాడు, పుచ్చకాయ కొనేవాడిలా. ఆ తరవాత కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో అసలు పని మొదలుపెట్టేవాడు. పతకం ముందువైపు రాజుగారి బొమ్మనీ, వెనకవైపు గుర్రాన్నీ ఆయన పెద్దగా పట్టించుకునేవాడు కాదు. చూసేదల్లా అంచు. "మొహం అందరికీ ఒకటేరా. మనిషి అంచు మీద ఉంటాడు" అనేవాడు. నిజంగానే ఆ సన్నటి అంచు చుట్టూ సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చుగుద్ది ఉంటాయి. అక్షరాల లోతు ఒక్కలా ఉందా, తరవాతెవడో చేత్తో చెక్కాడా, పాత పేరు అరగదీసి కొత్తది వేశాడా, ఇదంతా తేలేసరికి కాఫీ రెండుసార్లు చల్లారేది. పతకాన్ని మాత్రం ఎప్పుడూ తోమేవాడు కాదు. ఆ నలుపే దాని వయసుకి సాక్ష్యం, తోమితే నలుపుతోపాటు అక్షరాలూ అరుగుతాయి, పేరు పోయాక మిగిలేది ఉత్త వెండి బిళ్ల అని నాకు చెప్పేవాడు. ఒకసారి నన్ను వెంటబెట్టుకుని కొల్లేటికోట వెళ్లి, చేపలు పట్టేవాళ్లింట్లో, మొలతాడుకి కట్టిన పతకాన్ని ఇల్లంతా పరిగెడుతున్న పసివాడి వెంటపడి మరీ పరీక్షించాడు. అసలుదేనని తేల్చాక అంచు మీది పేరు చదివి వినిపిస్తే, ఆ ఇంటి ముసలామె "మా తాతేనండీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేము అమ్మమని అడుగుతామేమోనని పసివాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లింది కూడా. మావయ్య అడగలేదు. ఇంటివాళ్లు ఉన్న పతకం కొనకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం.

అత్తయ్యకి ఇవంటే గిట్టేది కాదు. చచ్చినవాళ్ల బిళ్లలనేది. ఆయన వంటింటి జోలికి రాడు, ఆవిడ ఆయన పతకాల బీరువా జోలికి వెళ్లదు, కాపురం సాఫీగా సాగిపోయింది. తోమడంలో మాత్రం ఆవిడని మించినవాళ్లు మా వంశంలో లేరు. శుక్రవారం పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టుకు కూర్చుంటే దేవుడి సామాన్లలో దేవుడికే తన మొహం కనిపించాలి.

మావయ్యకి గుండె ఆపరేషన్ అయింది, ఏలూరులోనే. ఇంటికి పంపిస్తామన్న ముందురోజు అత్తయ్య నన్ను ఆసుపత్రిలో ఆయన దగ్గర ఉంచి తాడేపల్లిగూడెం వెళ్లింది. మర్నాడు మేము వెళ్లేసరికి ఇత్తడి పళ్లెంలో పతకాలన్నీ పేర్చి గుమ్మంలో నిలబడి ఉంది. ప్రతి ఒక్కటీ తళతళా మెరుస్తోంది. వెలిసిపోయిన పాత రిబ్బన్లు తీసేసి, వాటి స్థానంలో బడిపిల్లలు జడలకి కట్టుకునే ఎర్ర రిబ్బన్లు కుట్టింది. ప్రపంచయుద్ధాలు చేసొచ్చిన వీరులంతా ఆరో తరగతిలో చేరినట్టున్నారు.

మావయ్య ఒకదాన్ని తీసుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీసి అంచు మీద పెట్టాడు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. "ఎంత బావున్నాయే. ఇన్నాళ్లూ నాకు తోచనే లేదు" అన్నాడు. ఆవిడ కాఫీకి లోపలికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా కుట్లు పచ్చిగా ఉన్న మనిషి, అంత గట్టిగా పట్టుకుంటాడనుకోలేదు. "పెళ్లయ్యాక మొదటిసారి ఆ బీరువా తీసిందిరా. నువ్వేమీ అనకు."

అంచు మీద పేర్లు అప్పటికింకా ఉన్నాయి, గీతలు పడ్డాయంతే. ఆవేళ వద్దని ఉంటే మిగిలేవి. కానీ మెచ్చుకున్న పని మానే ఇల్లాలు ఎక్కడుంటుంది? శుక్రవారం శుక్రవారం దేవుడి సామాన్లతోపాటు పతకాలూ పెరట్లోకి వచ్చేవి. మావయ్య పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఆవిడ ఒక్కొక్కటీ తోముతూ ఇతనెవరండీ అంటే, ఒకాయన ఎడారిలో ఒంటెలు తోలాడనీ, ఇంకొకాయన బర్మా అడవుల్లో నడిచాడనీ చెప్పేవాడు. ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ చేతికింద పేర్లు ఒక్కొక్కటే పోతుండేవి, ఈయన ఆ పేర్లే పైకి చెబుతుండేవాడు. అంచు చూడటానికి భూతద్దం మళ్లీ తీయలేదు. చూపు మందగించిందేమోనని అత్తయ్య బెంగపడి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చూపు భేషుగ్గా ఉందని ఆ డాక్టరు అంటే, మావయ్య ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, ఏదో ఒక అద్దం రాయమని బతిమాలుకున్నాడు. లేని జబ్బుకి కళ్లజోడు అడిగి రాయించుకున్న రోగి ఏలూరు చరిత్రలో మా మావయ్యే అయి ఉండాలి. పోయేదాకా అది పెట్టుకునే తిరిగాడు. గడపలు తట్టుకునేవాడు కూడా.

ఏడాది తిరక్కుండా పోయాడు.

కొన్నాళ్లకి అత్తయ్య, వీటి విలువ తెలిసినవాళ్ల చేతిలో పెడదాంరా అంది. విశాఖపట్నంలో మావయ్య స్నేహితుడొకాయన ఉన్నాడు, ఆయనా సేకరించేవాడే. రమ్మంటూ ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, అత్తయ్య ముందు ఏమీ అనద్దని వేడుకున్నాను. పెద్దమనిషి మాట నిలబెట్టుకున్నాడు. పళ్లెం ముందు కూర్చుని అన్నీ తేరిపార చూసి, చాలా అపురూపమైనవండీ, ఇవి మీ ఇంట్లో ఉండటమే అందం అన్నాడు. కాఫీ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకుని జంతికలు అందుకున్నాను.

"ఆయన అంచు చూడలేదేంరా?" అంది అత్తయ్య.

కళ్లజోడు తెచ్చుకోలేదేమో అన్నాను. మొహానే ఉంది కదరా అంది. ఒక పతకం తీసి, కిటికీ దగ్గరికి వెళ్లి, మావయ్య తిప్పినట్టే నెమ్మదిగా అంచు చుట్టూ తిప్పింది. ఇంకోటి తీసింది. అన్నీ అలాగే చూసి పళ్లెంలో పెట్టింది.

"మీ మావయ్యకి తెలుసా?"

చావింట్లో కూడా నవ్వించి తిట్లు తిన్న చరిత్ర నాది. ఆ పూట తల ఊపి జంతిక నమిలాను.

"అయితే కళ్లకేమీ రాలేదన్నమాట" అంది తనలో తను. పళ్లెం పక్కకి జరిపి, "వద్దే అని ఒక్క మాట అంటే మానేసేదాన్ని కదరా. ఆ మాత్రం మాట పడలేననుకున్నారా మీ మావయ్య?"

"తోమడం మానేస్తే నువ్వు పక్కన కూర్చోవేమోనని భయపడ్డాడేమో అత్తయ్యా."

"కూర్చునేదాన్నిరా" అంది. "ఊరికేనైనా కూర్చునేదాన్ని."

తరవాతి శుక్రవారం నేను వెళ్లేసరికి పెరట్లో దేవుడి సామాన్లే ఉన్నాయి. పతకాలు బీరువాలోకి వెళ్లిపోయాయి. పీట పక్కన కుర్చీ మాత్రం తీయలేదు, నన్ను కూర్చోమననూ లేదు. నేను గుమ్మంలో నిలబడే వచ్చిన పని చెప్పి ఏలూరు బస్సెక్కాను. ఒక మాట అనడానికి మనుషులకి దొరికే వ్యవధి చాలా కొంచెం. అది చేతిలో ఉన్నన్నాళ్లూ మాత్రం, వచ్చే శుక్రవారం చెప్పచ్చులే అన్నంత తీరుబడిగా కనిపిస్తుంది.