నలభై ఒక్కరి ఊరు

నారికురుపు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. దిగుడు బావి నీళ్ళతో పాటు కడుపులోకి పోయి, ఏడాది తర్వాత కాలిలోంచి తెల్లటి దారంలా బయటికొస్తుంది ఆ పురుగు. మూరెడు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూరలు. దాన్ని గుంజకూడదు. గుంజితే తెగుతుంది, తెగితే కాలు చీము పడుతుంది. అగ్గిపుల్లకు చుట్టి రోజుకు వేలెడు మాత్రమే బయటికి తియ్యాలి. మెదక్‌లో మేం పనిచేసిన దవాఖానాలో ఆ పని నాది. పద్దెనిమిది ఎండాకాలాలు అగ్గిపుల్లలకు పురుగులు చుట్టాను. ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చు చేసి ఇంటికి చిరాకు మాత్రం తెస్తావని మా ఆయన అనేవాడు. అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

అయితే ఓపికలో నన్ను మించినవాడు ఒకాయన ఉండేవాడు, మా మున్షీ ఆశీర్వాదం. గేటు పక్క కిటికీ దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. పేరు, తండ్రి పేరు, ఊరు, జబ్బు. నిజాం రోజులు కనుక అంతా ఉర్దూలోనే. ఎప్పుడైనా ఒక మాట తప్పు పడితే సిరా పులిమేవాడు కాదు. తప్పు మీద సన్నటి గీత ఒకటి కొట్టి, పైన సరైనది రాసి, పక్కన తారీఖు వేసి దస్తఖతు చేసేవాడు. బయట జనం ఎండలో నిలబడి కాళ్ళు మార్చుకుంటుంటే లోపల ఈయన దస్తఖతులు. నాకు ఒళ్ళు మండేది.

"గా తప్పు మీద ఇంత సిరా పూసెయ్యరాదే అన్నా? దానికి దస్తఖతు గూడనా?" అనేదాన్ని.

"కనబడాలె పద్మమ్మా. రేపు సదివేటోనికి నేనేం తప్పు రాసిన్నో గూడ ఎర్కుండాలె" అనేవాడు. పదేళ్ళలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అట్లాంటి మనిషి తెలిసి తెలిసి నలభై ఒక్కసారి అబద్ధం రాశాడు.

మొదటిది నలభై ఎనిమిది ఎండాకాలంలో. రేగోడ్ దిక్కున ఒక ఊరుంది. కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టారని రజాకార్లు ఆ ఊళ్ళో పదకొండు ఇళ్ళు కాల్చారు. ఆ తర్వాత ఆ ఊరివాడు ఎక్కడ కనబడినా పట్టుకుపోవడమే. ప్రతి శుక్రవారం ఒక పోలీసు జమేదారు వచ్చి మా రిజిస్టరు ముందేసుకుని, ఊళ్ళ వరుస మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయేవాడు. అట్లాంటి రోజుల్లో గాలయ్య అనే రైతు మోకాలి కింద పురుగుతో కిటికీ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మున్షీ సాబ్, మా ఊరి పేరు రాయకుండ్రి. రాస్తే నన్ను ఇంటికి పోనియ్యరు."

ఆశీర్వాదం కలం కిందపెట్టాడు. "మరేం రాయాలె?" అన్నాడు.

"చేగుంట అని రాయుండ్రి. మా అత్తగారూరు."

రాశాడు. ఆ రోజు ఆయన అన్నం గిన్నె మూత తియ్యలేదు. నేను తినమని తిట్టాను, తినలేదు.

మాట ఊళ్ళోకి పాకింది. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఎవరికి పురుగు బయటపడినా మా కిటికీ దగ్గర చేగుంట అనేవారు. గాలయ్య పెండ్లాం కిష్టవ్వ కూడా అట్లాగే చెప్పి అట్లాగే రాయించుకుంది. వీళ్ళంతా ఎక్కడివాళ్ళో నాకూ తెలుసు. ఏళ్ళ తరబడి నా చేతుల మీదుగా పోయిన కాళ్ళే కదా. సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయింది, రజాకార్లు పోయారు, బతికాం అనుకున్నాం. ఏం బతకడం? అదే ఊరి పక్కన పోలీసు క్యాంపు పడింది. వీళ్ళు కూడా ఆ దళం కోసమే వచ్చారు, ఆ ఊరివాళ్ళనే పట్టుకున్నారు. మాకు వచ్చే జమేదారు మారాడు, శుక్రవారం మారలేదు. నలభై తొమ్మిది ఎండాకాలం అయిపోయేసరికి మా రిజిస్టరులో దొంగ చేగుంటవాళ్ళు నలభై ఒక్కరు.

ఆ ఏడే కొత్త డాక్టరు వచ్చాడు, హైదరాబాదు నుంచి. పేరు మదన్ మోహన్. చిన్న వయసు, మంచివాడే, పేషెంటును ముట్టుకుని చూసేవాడు. ఆయనకు రాయడం పిచ్చి. మద్రాసులో డాక్టర్లు చదివే ఒక పత్రిక ఉంది, దానికి నారికురుపు మీద వ్యాసం రాస్తానని ఆశీర్వాదాన్ని కూర్చోబెట్టి నాలుగేళ్ళ లెక్క తీయించాడు. ఏ ఊరు, ఏ ఏడు, ఎంతమంది. ఆశీర్వాదం ఉన్నది ఉన్నట్టు దించి ఇచ్చాడు. రిజిస్టరులో ఉన్నది, ఊళ్ళో ఉన్నది కాదు.

డాక్టరు కళ్ళు ఆ ఊరి మీద పడ్డాయి. నలభై ఆరులో ముప్పై మంది, నలభై ఏడులో ముప్పై ముగ్గురు, ఆ తర్వాత రెండేళ్ళూ సున్నా. చేగుంటలో పెరిగింది కదా అంటే, అది రోడ్డు మీది ఊరు, నాలుగు దిక్కుల జనం చేరతారు అనుకున్నాడు. ఆ సున్నా మాత్రం ఆయన్ను నిలవనివ్వలేదు.

"చూడు ఆశీర్వాదం, ఇండ్లు కాలినంక జనం ఊరిడిచిపెట్టిండ్రు. బావి ఉత్తగ పడి ఉండె. అంటే ఏంది? ఒక్క యాడాది బావిని ముట్టకుంటే పురుగు ఖతం. కొత్త బావులు తవ్వే పనే లేదు, ఉన్నదానికి తాళమేస్తే చాలు. సర్కారు మస్తు ఖుష్ అయితది" అన్నాడు. వ్యాసం మీద తన పేరు కింద ఆశీర్వాదం పేరు కూడా వేస్తానన్నాడు. ఒక మున్షీ పేరు డాక్టర్ల పత్రికలో! మా దవాఖానాలో అంతకుముందు ఎవరూ వినలేదు.

నిజమేమిటంటే ఆ ఊరివాళ్ళు బావిని వదిలింది ఇరవై రోజులు. తర్వాత వచ్చి ఆ నీళ్ళే తాగారు.

పత్రికవాళ్ళు ఒక కాగితం పంపారు. ఈ అంకెలు సత్యమని డాక్టరూ, లెక్క రాసినవాడూ ఇద్దరూ దస్తఖతు చెయ్యాలి. డాక్టరు వెంటనే చేసి ఆశీర్వాదం ముందు పెట్టాడు. వ్యాసం వస్తున్నదని పత్రికలో ముందే వేసేశారట, సోమవారానికి కాగితం పోవాలి. ఆశీర్వాదం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కట్లు కట్టే గదిలోకి వచ్చి నా బల్ల మీద కూలబడ్డాడు.

"దస్తఖతు చేసి పారెయ్ అన్నా. ఏడనో మద్రాసుల అచ్చయ్యే కాయితం. ఎవడు సదువుతడు?" అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

"సదువుతరు పద్మమ్మా. సదివి బావులకు తాళాలేస్తరు. జనం ఎండలకు ఏం తాగాలె? మళ్ల తాళం తీసినంక గా పురుగు గట్లనే ఉంటది. నా అంకె జూసి ఒక్క కొత్త బావి తవ్వరు."

"అయితే డాక్టర్ సాబ్‌కు ఉన్నమాట చెప్పు."

"చెప్తే దిద్దాలె. దిద్దితే నలభై ఒక్క పేర్లకు ఎదురుంగ గా ఊరు రాయాలె. శుక్రవారం వచ్చెటోనికి తయారు చేసి ఇచ్చినట్టే గద."

అప్పటికే పొద్దున్నుంచి పదిహేను కాళ్ళు చూశాను. "నీ ఇష్టం, నన్ను పరేషాన్ చెయ్యకు" అన్నాను.

ఆదివారం ఆయన చర్చికి రాలేదు. ఉన్న బస్సు ఎక్కి, దిగినకాడినుంచి నడిచి ఆ ఊరికి పోయాడు. అడగడానికి. నాకు ఇది సోమవారం పొద్దున చెప్పాడు. ఊళ్ళో మగవాళ్ళు లేరు. కిష్టవ్వ అరుగు మీద కూర్చుని ఉంది, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. ఆయన సంగతంతా చెప్పాడట. నిజం రాస్తే కాళ్ళు నీళ్ళలో పడకుండా మీ బావికి మెట్లు తీసేసి గట్టు కట్టే దారి దొరకొచ్చు, దొరకకపోవచ్చు, మీ పేర్లు మాత్రం పోలీసుల కంట పడతాయి, రాయమంటారా వద్దా అని.

కిష్టవ్వ అన్నదట: "మా ఆయనను క్యాంపుకు తీస్కపోయి రెండు నెల్లాయె మున్షీ సాబ్. తొవ్వల ఆపి ఏ ఊరని అడిగిండ్రు. ఇమానంగ చెప్పిండు. ఇంకొకల పేరు నీ పుస్తకంలకెల్లి పోవద్దు. గీ క్యాంపు లేచినంక చూద్దాం. పురుగైతే మాకు అలవాటే."

అంతే. నీళ్ళిస్తే తాగి వచ్చేశాడట. ఆ బావి నీళ్ళే. "ఎట్లా తాగినవయ్యా?" అని అరిచాను. "వద్దంటే ఏం బాగుంటది?" అన్నాడు.

అటునుంచి అటే డాక్టరు గదిలోకి పోయాడు. మధ్యలో తెర గుడ్డే కనుక నాకంతా వినబడింది.

"సాబ్, నేను దస్తఖతు చెయ్యలేను. ఊర్ల లెక్క తప్పు. నలభై ఒక్క పేర్లకు ఊర్లు తప్పు రాసిన. ఎర్కుండే రాసిన."

"ఏ పేర్లు? ఏ ఊరు?"

"చెప్ప సాబ్."

డాక్టరు కేకలేశాడు. ఉద్యోగం తీసేయిస్తానన్నాడు. ఊళ్ళో పెద్దలకు, పైవాళ్ళకు చెప్పుకున్నాను, నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. తెర కింద ఆశీర్వాదం కాళ్ళు కదల్లేదు. కాసేపటికి డాక్టరు తెర ఎత్తి నా దగ్గరికి వచ్చాడు.

"పద్మమ్మా, నీకు ఎర్కనే గద?"

"నేను కట్లు గడత సాబ్. ఊర్లు అడుగ."

ఆయన నా మొహం చూశాడు, రిజిస్టరు ఉన్న కిటికీ వైపు చూశాడు. శుక్రవారాలు ఆయనకూ తెలుసు. మళ్ళీ కేక వెయ్యలేదు.

మూడోనాడు డాక్టరు వ్యాసం వాపసు అడుగుతూ ఉత్తరం రాయడానికి కూర్చుని ఆశీర్వాదాన్ని పిలిచాడు. ఆ మాత్రం మంచితనం ఆయనలో ఉంది, కాదనకూడదు. ఇంకెవరిచేతో దస్తఖతు పెట్టించి అచ్చేసుకుంటే అడిగేవాడు లేడు.

"వాళ్ళకు కారణం రాయాలె. చెప్పరాని కారణమని రాస్తే పోలీసులే వస్తరు. ఏం రాయాలె నువ్వే చెప్పు."

"మున్షీ నిర్లక్ష్యమని రాయుండ్రి సాబ్. గట్లంటే ఇంకెవ్వరు ఏం అడుగరు."

"ఇంత సాఫు రిజిస్టరు నేను ఎక్కడ చూడలె ఆశీర్వాదం."

"తెలుసు సాబ్. రాయుండ్రి."

పత్రికలో రెండు పంక్తులు వచ్చాయి. వేస్తామన్న వ్యాసం లెక్క రాసిన గుమాస్తా నిర్లక్ష్యం వల్ల వేయడం లేదని. డాక్టరు మాకు చదివి అర్థం చెప్పాడు. పైవాళ్ళు కూడా చదివారు. నెల తిరక్కముందే హుకుం వచ్చింది, ఆశీర్వాదాన్ని రిజిస్టరు నుంచి తప్పించి నా గదిలో కట్టు గుడ్డలు ఉడకబెట్టే పనిలో వేశారు. యాభై దాటిన మనిషి. కుండ ముందు కూర్చుని పొగకు దగ్గుతూ గుడ్డలు తిప్పేవాడు. బజారులో ఎవరో ఒకరు "నిర్లక్ష్యం మున్షీ" అని నవ్వేవారు. నేను విని వాళ్ళతో తగువు పడేదాన్ని. ఆయన పడేవాడు కాదు. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించేది.

డాక్టరుకు బదిలీ అయింది. ఆ ఊరినుంచి కాళ్ళు వస్తూనే ఉన్నాయి, చేగుంట పేరుతోనే. నేను చుడుతూనే ఉన్నాను.

యాభై రెండు ఎండాకాలంలో ఒకనాడు పొద్దున కిటికీ దగ్గర కొత్త మున్షీ "ఊరు?" అని అడగడం వినబడింది. మళ్ళీ అడిగాడు. చూస్తే కిష్టవ్వ, మడమలో పురుగుతో కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"గా పాత మున్షీ సాబ్ ఏడీ?" అంది.

ఆశీర్వాదం తడిచేతులతో వచ్చాడు. ఆమె ఆయన్ను పైనుంచి కిందికి చూసింది, గుడ్డల వాసనను కూడా పట్టించుకుందేమో.

"క్యాంపు లేచిపోయింది సాబ్. ఇగ చెప్త" అని కొత్త మున్షీ వైపు తిరిగి ఊరి పేరు గట్టిగా చెప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అది ఏ పేరైనా ఒకటే. రాసుకున్నాడు.

"అవ్వా, నలభై ఎనిమిదిల గూడ నీ పేరున్నది. అది దిద్దనా?" అని ఆశీర్వాదం అడిగాడు.

"దిద్దు."

"మిగిలినోళ్ళయి?"

"నాది నేను చెప్త. వాళ్ళయి వాళ్ళనే అడుగు."

"గాలయ్యది?"

కిష్టవ్వ కర్ర ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఆయన వచ్చినంక ఆయన్నే అడుగు" అంది.

ఆశీర్వాదం అల్మారాలోంచి పాత రిజిస్టరు తీయించి, చేతులు తుడుచుకుని, చేగుంట మీద సన్నటి గీత కొట్టి, పైన ఊరు రాసి, తారీఖు వేసి దస్తఖతు చేశాడు. ఆ రోజు నేను ఎగతాళి చేయలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు అదే పని. ఆ ఊరివాళ్ళు ఎవరు వచ్చినా, జ్వరానికైనా కాన్పుకైనా, కుండ దగ్గర్నుంచి లేచి పోయి అడిగేవాడు. సరే అన్నవాళ్ళది దిద్దేవాడు, వద్దంటే రిజిస్టరు మూసేవాడు. ఆయన పోయేనాటికి పంతొమ్మిది దిద్దాడు. ఇరవై రెండు అట్లాగే ఉన్నాయి. అందులో గాలయ్యది ఒకటి. గాలయ్య క్యాంపు నుంచి తిరిగి రాలేదు.

ఇంత రాసి ఆ ఊరి పేరెందుకు రాయలేదని మీరు అడగవచ్చు. ఇప్పుడు భయం లేదు, జమేదార్లు లేరు. కానీ ఆ ఇరవై ఇద్దరిని నేను అడగలేదు. అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు.